వైఫై అప్ప

అప్ప వైఫైని చెవితో చూసేది.

నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వాను, తర్వాత బుద్ధొచ్చింది. లాప్‌టాప్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎడమ చంకన వేసుకుని, రెండు చేతుల గాజులూ మోచేతుల దాకా తోసుకుని, తల ఒక పక్కకి వాల్చి ఇల్లంతా తిరిగేది. ముందు ఫ్యాన్లు ఆపించేది. పొయ్యి మీద కుక్కరుంటే దింపించేది. మనం ఏదో చెప్పబోతే మొహం తిప్పకుండానే అరచెయ్యి చూపించేది. ఆ లాప్‌టాపు టుంగు, టుంగు అంటూ ఉండేది. రెండు టుంగుల మధ్య వ్యవధి ఎక్కడ సాగితే అక్కడ ఆగిపోయి, ఆ గోడనీ, ఆ బీరువానీ కిందనుంచి పైదాకా చూసేది.

పింగ్ అని ఒకటుంది. పెద్ద విద్యేం కాదు. మన లాప్‌టాపు అవతలి మిషన్ని "ఉన్నావా?" అని అడుగుతుంది, అది "ఉన్నాను" అంటుంది. సెకనుకొకసారి ఈ అడగడం, చెప్పడం. జవాబు వచ్చిందో లేదో అందరూ తెర మీద అంకెలు చూసి తెలుసుకుంటారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్సులో జవాబు వచ్చినప్పుడల్లా చప్పుడు చెయ్యమని కూడా చెప్పొచ్చు. అప్ప అదే పెట్టుకునేది. వయసులో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ట్రంకు కాల్సు కలిపిన మనిషి మరి. అంకెలు చూస్తూ నడిస్తే గడప తన్నుకుని పడతాం, చెవికైతే దారితో పని లేదు అనేది.

ఇది రాయడానికి కూర్చున్నాక ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి పాలు పొంగుతాయేమోనని, ఒకసారి గేటు చప్పుడైందని, మూడోసారి ఊరికే. నా సంగతంతే. కాలు ఒకచోట ఉండదు, నోరు అసలే ఉండదు. అలాంటి నోరు, తెరవాల్సిన ఒక్క చోట మాత్రం మూసుకుని కూర్చుంది. అందుకే ఇది రాస్తున్నాను, లేకపోతే అప్ప గురించి రాసేంతటిదాన్నేం కాదు.

మొన్నటి వానలకి చోడవరంలో మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు, నెట్టు లేదు. ఫోన్లో చార్జింగు కూడా అయిపోయింది. నాలుగో రోజు పొద్దున్న అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఫోను బల్ల మీద వణుకుతూనే ఉంది. శుభోదయం పువ్వులు, క్లాసుల టైంటేబులు, ఎవరిదో గృహప్రవేశం, వాటి మధ్యలో ఒక నల్లంచు కార్డు. అప్ప తమ్ముడు పంపాడు. మా అప్ప కాలం చేసింది, ఫలానా రోజు వడ్డాదిలో పెద్దకార్యం, రావలసింది అని. దహనం ఎప్పుడో అయిపోయింది. నేను వేలితో ఆ కార్డుని పైకి తోసేసి టైంటేబులు చూశాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. ఓ నిమిషం తర్వాత వెనక్కొచ్చి మళ్ళీ చదివాను.

అప్పకి పేరుంది. కానీ మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. మా వైపు అక్కని అప్ప అంటారు. తమ్ముడు అప్పా అనేవాడు, ఆయన్ని చూసి వీధి వీధంతా అప్పా అనేది. నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్దది, నేనూ అప్పా అనే అన్నాను. బస్ కాంప్లెక్సు వెనక, మాకు మూడిళ్ళ అవతల తమ్ముడి ఇంట్లో ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదో, కంప్యూటర్లు ఎక్కడ నేర్చుకుందో నేనడగలేదు. అడిగే ఓపిక నాకెక్కడిది.

నేను హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంట్లోంచే లెక్కల పాఠాలు చెబుతాను. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా. డిగ్రీ పట్టుకుని ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన పని. దానికి నా దగ్గరున్నది మా ఆయన ఆఫీసులో పారెయ్యబోతే తెచ్చుకున్న పాత లాప్‌టాపు. తెరిస్తే అప్‌డేటు చక్రం తిరుగుతూ ఉండేది, నేను అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్ని. ఎవరో అప్పకి చూపించమన్నారు. వచ్చి చూసి, "దీనికి వొయిసైపోనేదు, బరువెక్కువైపోనాది," అంది. ఉన్నదంతా తీసేసి లినక్సు పెట్టింది. ఆ రోజు నుంచి లాప్‌టాపు లేచి పరిగెత్తింది. వైఫై మాత్రం ఉన్నట్టుండి పోయేది.

అప్పటికి మా రౌటరు దేవుడి గూట్లో ఉండేది. మా అత్త పెట్టించింది. ఈశాన్యం, పైగా దీపాలు మినుకుమినుకుమంటూ ఉంటాయి, ఇంతకన్నా శుభం ఏముందని ఆవిడ వాదన. ఆయుధపూజనాడు దాన్ని ఆపేసి, పసుపు రాసి, గాలాడే చిల్లుల మీద కుంకం బొట్లు పెట్టింది. దాని ముందు వెంకన్న పటం, పటం వెనక రేకు, పక్కన ఇత్తడి కుందులు, హారతి పళ్ళెం. ఇంటర్నెట్టు ఇంట్లోకి రావాలంటే ఇవన్నీ దాటుకుని రావాలి. నేనైతే అత్తతో మూడు రోజులు యుద్ధం చేసి, ఓడిపోయి, అలిగి కూర్చున్నాను.

అప్ప ఆ గూటి ముందు నిలబడి కాసేపు విన్నది. రౌటరు మీద చెయ్యి వేసి చూసింది. మా అత్తతో, "పెద్దమ్మా, ఈ పెట్టి సలసల కాగిపోతంది. దేముడికి వేడి తగల్డం నేదేటి?" అంది. అంతే. మా అత్త కంగారుపడిపోయి తన చేతులతోనే దాన్ని హాల్లోకి మోసుకొచ్చింది. వాస్తు మాటా రాలేదు, సిగ్నలు మాటా రాలేదు. వారం రోజుల పాటు అటూ ఇటూ వెళ్ళేటప్పుడు దాన్ని ముట్టుకుని, చల్లబడిందమ్మా అని నాకు చెప్పేది.

అప్పకి రెండు మాటలుండేవి, ప్రతి ఇంట్లోనూ చెప్పేది. మొదటిది: "ముందు ఇంట్లోవోళ్ళనడుగు, తరవాత ఊర్లోవోళ్ళనడుగు." అంటే ముందు మన రౌటరుకి పింగ్ కొట్టి చూడు, అది సరిగ్గా పలికితే అప్పుడు బయట ఎక్కడో ఉన్న మిషన్ని అడుగు. ఇంట్లో పలకకుండా కంపెనీ వాడికి ఫోను చేసి తిట్టడం దండగ. నేను ఎప్పుడూ కంపెనీ వాణ్ణే ముందు తిట్టేదాన్ని. రెండోది: "ఒకటి మార్సు. సూడు. అప్పుడు ఇంకోటి." ఇది నాకు ప్రాణాంతకంగా ఉండేది. ఒకటి మార్చాక గంటసేపు దాన్నలా వదిలెయ్యాలట. గంటసేపు! నేను గంటలో ఇల్లు తుడిచి, బట్టలారేసి, ఇద్దరితో పోట్లాడి, రాజీ కూడా పడిపోతాను.

మార్చినదల్లా కేలండరు మీద రాయాలి. అది ఆవిడ పద్ధతి. గోడకి వేళ్ళాడే తెలుగు కేలండరులో ఆ తేదీ గడిలో, తిథి పక్కన, పెన్సిలుతో రాసేది. మా వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా కేలండరు మీద ఆవిడ గుండ్రటి అక్షరాలు కనిపించేవి. "పెట్టి హాల్లోకి." "పక్కింటితో గొంతు కలవకుండా మార్సేను." ఈ రెండోదాని వెనక కథుంది. మా వరసలో నాలుగిళ్ళ రౌటర్లూ ఒకే చానెల్లో మాట్లాడుతున్నాయి. నలుగురూ ఒకేసారి అరిస్తే ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? అప్ప శుభలేఖలు పంచేదానిలా నాలుగిళ్ళకీ తిరిగి, బతిమాలి, తలో చానెలూ ఇచ్చి వచ్చింది. ఆ నాలుగిళ్ళలో రెండిళ్ళకి అసలు మాటల్లేవు.

చీడికాడ నుంచి ఒక టీచరుగారు లాప్‌టాపు పట్టుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. రిపేరు చేయించుకొచ్చాక వైఫై రౌటరు పక్కన కూర్చుంటేనే పనిచేస్తోంది, రెండడుగులు వేస్తే చచ్చిపోతోంది అన్నాడు. డ్రైవర్లన్నీ మార్చాడట, రెండుసార్లు లినక్సు మళ్ళీ ఎక్కించాడట. అప్ప అన్నీ విని, వెనక మూత విప్పింది. లోపల వైఫై కార్డు పక్కన సన్నటి తీగ ఒకటి ఊడిపోయి ఉంది. అదే ఏంటెనా. దాని కొస ముక్కుపుడక సీలంత ఉంటుంది. బొటనవేలి గోరుతో నొక్కింది, టక్కుమంది. ఆయన దణ్ణం పెట్టబోతే, విప్పినవాడు తగిలించడం మర్చిపోయాడు, నువ్వు మూత తియ్యడం మర్చిపోయావు, ఇందులో నేను చేసిందేముంది అని నవ్వింది. తర్వాత వారం ఆయన మాడుగుల హల్వా పంపించాడు. అందులో సగం మా ఇంటికొచ్చింది.

నా లాప్‌టాపు జబ్బు మాత్రం అంత తొందరగా దొరకలేదు. పన్నెండు రోజులు పట్టింది. రోజూ వచ్చేది, ఒకటి మార్చేది, వెళ్ళిపోయేది. నేను గోళ్ళు కొరుక్కునేదాన్ని. పదమూడో రోజు కనిపెట్టింది. బేటరీ ఆదా చెయ్యడానికి వైఫై కార్డు మధ్యమధ్య కునుకు తీస్తోందట. చిన్న కునుకైతే పర్లేదు, ఈ కార్డు లేవడానికి బద్ధకిస్తోంది. దానికి నిద్ర మాన్పించాలి. ఒక చిన్న ఫైలు రాసి పెట్టింది, రెండంటే రెండు లైన్లు. కేలండరు మీద "నిద్ర ఆపేను" అని రాసింది. మా అత్త అది చదివి, ఎవరి నిద్రే అని అడిగింది.

తర్వాత ఐదు నెలలు నా క్లాసు ఒక్కసారి తెగలేదు. ఐదు నెలలు.

ఇంతలో కంపెనీ వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. పై మేడం ఒకావిడ ఒక క్లాసులో కూర్చుని చూస్తుంది. బాగుంటే పెద్ద తరగతులిస్తారు, బాగోకపోతే, క్లాసు మధ్యలో తెగితే, పనిలోంచి తీసేస్తారు. నా వంతు ఒక గురువారం సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పాఠం నాలుగుసార్లు చదివాను. బోర్డు తుడిచాను, మళ్ళీ తుడిచాను. ఇంకా మధ్యాహ్నం పన్నెండే అయింది. లాప్‌టాపు తెరిచి, లినక్సులో వైఫై వేగం పెంచడం ఎలా అని వెతికాను. బాగానే ఉన్నదాన్ని ఎందుకు కెలకాలి అని అడగండి. ఖాళీగా కూర్చోలేక. అదీ కారణం, వేరే కారణం ఏదైనా చెబితే అబద్ధం.

ఎవరో ఎక్కడో రాసిన ఏడు ఆదేశాలున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఏడూ అతికించి ఎంటరు కొట్టేశాను. వాటిలో ఏది ఏం చేస్తుందో నాకు తెలియదు. స్పీడు టెస్టు పెడితే కొంచెం పెరిగినట్టే కనిపించింది. మహా సంతోషపడ్డాను. కేలండరు గడిలో ఏమీ రాయలేదు. క్లాసుకి అరగంట ముందు, తాజాగా ఉంటుందని, లాప్‌టాపు ఆపి మళ్ళీ వేశాను.

భిన్నాలు చెబుతున్నాను. మూడో నిమిషంలో పిల్లల మొహాలు గడ్డకట్టుకుపోయాయి. మళ్ళీ కలిసింది, మళ్ళీ తెగింది. ఆరుసార్లు. ఏడోసారి కలిసేసరికి నా క్లాసు ఇంకెవరో చెబుతున్నారు. రేపు మాట్లాడదాం అని మేడం దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా అప్ప ఇంటికి వెళ్ళాను. వీధరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, తమ్ముడు అప్పుడే స్నానం చేసి తువ్వాలుతో నిలబడ్డాడు. అప్ప చింతపండు గింజలు తీస్తోంది. నేను గట్టిగానే అరిచాను. నీ లినక్సు వల్ల నా ఉద్యోగం పోయింది, నన్ను నాశనం చేశావు అన్నాను. అక్కడితో ఆగలేదు. "ముసలమ్మల చేతిలో మిషను పెట్టడం నాదే బుద్ధి తక్కువ," అన్నాను. ఆ ఏడు ఆదేశాల సంగతి అప్పుడు నిజంగా గుర్తులేదు. ఈ మాట ఎంతమంది నమ్ముతారో తెలియదు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూడిళ్ళ దూరం. వెనక్కెళ్ళి చెప్పి ఉంటే అయిపోయేది, వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే అప్ప వచ్చింది. తమ్ముడు వెంట వచ్చాడు. ఆయన ముఖం ముడుచుకునే ఉంది. మా ఆయనా, మా అత్తా హాల్లో ఉన్నారు. అప్ప ముందు కేలండరు దగ్గరికి వెళ్ళింది. నిన్నటి గడిలో నేను రాసుకున్న "క్లాసు" అన్న మాట తప్ప ఏమీ లేదు.

"ఏటి మార్సేవే?" అంది.

"ఏటీ మార్చలేదప్పా."

నా గొంతు ఎలా వచ్చిందో నాకే వినబడింది. అప్ప లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని ఆదేశాలు కొట్టే టెర్మినలు తెరిచింది. నల్లతెర అనేది దాన్ని. పై బాణం మీట నొక్కింది. ఆ మీట నొక్కితే వెనక మనం కొట్టిన ఆదేశాలు ఒక్కొక్కటీ తిరిగి వస్తాయని నాకు తెలుసు, ఆవిడే నేర్పింది. ఆ క్షణం వరకూ గుర్తు రాలేదు. ఒకసారి నొక్కింది. చదివింది. ఇంకోసారి నొక్కింది. ఆవిడ ఏం చదివినా ఒకటి ఒకటిగా చదువుతుంది, తొందరుండదు. నేను ఆవిడ వెనకే నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. ఐదో నొక్కు దగ్గర, అంటే నా మూడో ఆదేశం దగ్గర ఆవిడ వేలు ఆగింది. పాత సెట్టింగులన్నీ ఊడ్చెయ్యమనే ఆదేశం అది. దాంతోపాటు ఆవిడ రాసిన రెండు లైన్లూ పోయాయి, లాప్‌టాపు ఆపి వేసేసరికి కార్డు మళ్ళీ కునుకు మొదలెట్టింది. ఆదేశం పక్కన నా పేరు ఉంటుంది కదా, ఆ లాప్‌టాపుకి పెట్టిన పేరు నాదే.

వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. ఆ రెండు లైన్లూ మళ్ళీ రాసింది. నల్లతెర మూసేసింది. పింగ్ పెట్టి కాసేపు విన్నది. కళ్ళజోడు తీసి, పైటతో తుడుచుకుని, మా అత్త వైపు తిరిగి, "నాదే తప్పు పెద్దమ్మా. అప్పుడు నేను సరిగ్గా పెట్టనేదు. ఈ గుంట తప్పేటీ నేదు," అంది.

తమ్ముడు బయటికి వెళ్ళిపోయాడు. మా అత్త, పోనీలే అమ్మా, వయసొచ్చింది, కళ్ళు ఆనవు అంది. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. టీ ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు.

ఫోను మోగింది. మేడం. నేను తడబడుతుంటే అప్ప చెయ్యి చాపి ఫోను తీసుకుంది. ఎక్స్ఛేంజి గొంతు ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను, ఒక్క అక్షరం వంకర పోలేదు. ఆ మిషను చూసే మనిషిని నేనే, పొరపాటు నాది, సరిచేశాను, దయచేసి ఆ అమ్మాయి క్లాసు ఇంకొక్కసారి చూడండి అని చెప్పింది. మేడం సోమవారం చూసింది. క్లాసు తెగలేదు. ఇప్పుడు నేను తొమ్మిదో తరగతికి కూడా చెబుతున్నాను.

అప్పకి ఏం జరిగిందో కూడా రాయాలి. అరుగు మీది నలుగురు ఆడవాళ్ళూ, మా అత్తా ఊరికే ఉంటారా? అప్ప పెట్టిన దానివల్ల పిల్లకి ఉద్యోగం పోబోయిందట, తనే ఒప్పుకుందట అని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పాకింది. లాప్‌టాపులు రావడం తగ్గింది. తమ్ముడు ఇంక ఎవరి మిషనూ ముట్టుకోవద్దని ఖచ్చితంగా చెప్పేశాడని విన్నాను. నాలుగు నెలలకి వాళ్ళు వడ్డాదిలో సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. నేను అప్పను ఆ నాలుగు నెలల్లో కూరల దుకాణం దగ్గర చాలాసార్లు చూశాను. నెట్టు బాగుందా అని అడిగేది. బాగుందప్పా అని, వెంటనే టైము చూసుకునేదాన్ని. ఈసారి చెప్పేస్తాను, వచ్చే మంగళవారం చెప్పేస్తాను అనుకుంటూ ఇంటికొచ్చి గిన్నెల మీద పడేదాన్ని.

పోయినేడాది మాడుగులలో బస్సెక్కితే అప్ప కనిపించింది. పక్క సీటు ఖాళీ. దేవుడు చూపించినట్టు ఖాళీ. వడ్డాది దాకా ఇద్దరమే. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అత్త మోకాళ్ళు, కొత్త లాప్‌టాపు, మేడం పెళ్ళి, చెరుకు లారీల వల్ల ఎంత ట్రాఫిక్కో. ఆవిడ కిటికీలోంచి చూస్తూ వింటోంది. నా మాట ఆగింది.

"ఇంకేటి?" అంది.

గొంతులోకి వచ్చింది. నాలుక మీదికి కూడా వచ్చింది. నేను మాడుగులలో కొన్న హల్వా పొట్లం తాడు విప్పి, మళ్ళీ కట్టాను.

"ఇంకేటే?"

"ఇంకేం లేదప్పా," అన్నాను.

వడ్డాది వచ్చింది. ఆవిడ నా భుజం పట్టుకుని లేచి, జాగ్రత్తగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అదే ఆఖరిసారి చూడడం.

పెద్దకార్యానికి వెళ్ళాను. మా ఆయన వస్తానంటే వద్దన్నాను. ఇంటి ముందు షామియానా, వరసల్లో జనం, వడ్డన జరుగుతోంది. తమ్ముడు గుండుతో పోల్చుకోలేనట్టున్నాడు. నన్ను చూసి, తినమ్మా అన్నాడు. మీతో ఒక మాట చెప్పాలని పెరట్లోకి పిలిచాను. నాకు ఒక ధీమా ఉండేది, అదీ చెప్పేస్తాను. ఎంతైనా తోడబుట్టినవాడు, ఇంటికెళ్ళాక అప్ప ఆయనకి చెప్పుకునే ఉంటుంది, వీధికి తెలియకపోయినా ఆయనకి తెలిసే ఉంటుంది, తెలుసులేమ్మా అంటాడు అనుకున్నాను. రెండేళ్ళుగా ఆ ధీమాతోనే నిద్రపోయాను.

నీళ్ళ గాబు దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. ఏడు ఆదేశాలు, పోయిన రెండు లైన్లు, మీ అప్ప చూసింది, చూసి తన మీద వేసుకుంది, నేను టీ పెట్టుకుంటూ ఊరుకున్నాను అని.

"మల్లీ సెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఆయన గాబు గట్టు మీద కూర్చుండిపోయాడు.

"నాకు సెప్పనేదమ్మా. ఇక్కడికొచ్చినాక ఎవులో లేప్‌టాప్ పట్టుకొస్తే గుమ్మంలోంచే పంపించీసేను. ఇంకొకల కొంప ముంచుతావేటే అని అప్పని అడిగేను. పది మంది ముందర అడిగేను. మరి ముట్టనేదు." నా వైపు తిరిగాడు. "ఇప్పుడెందుకు సెప్పేవమ్మా?"

కోపంగా అడిగినా బాగుండేది. నా బరువు దింపుకోవడానికి వచ్చాను, తెచ్చి ఆయన నెత్తిన పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను అని అందరూ అంటూంటారు, ఎవరూ చావరు, నేనూ చావలేదు.

ఆయన లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని షామియానాలోకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వరసలో మొదటి మనిషి ముందు వంగి, "మా అప్ప తప్పు సెయ్యనేదంట మామా," అన్నాడు. తర్వాతి మనిషికీ అదే మాట చెప్పాడు. ఆ తర్వాతి మనిషికీ. పప్పు వడ్డించేవాడు దాటుకుని పోతున్నాడు, ఈయన వాడి వెనక ఒక్క విస్తరి కూడా వదలకుండా చెప్పుకుంటూ వెళ్ళాడు. తింటున్నవాళ్ళకి ఏ తప్పో, ఏ సంగతో అర్థం కాక చేతులాపి చూస్తున్నారు. వాళ్ళలో మా పాత వీధివాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకి అర్థమైంది.

వరస చివర ఒక ముసలావిడ, సరిగ్గా వినబడదు. ఆయన రెండుసార్లు చెప్పాక తలూపి, "అయితే మరి ఎవులిది తప్పు?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఇంటికొచ్చిన ఆడమనిషిని పది మందిలో చూపించడం ఇష్టంలేక, తల దించుకున్నాడు.

"నాది," అన్నాను.

ముసలావిడకి వినబడలేదు. దగ్గరికెళ్ళి, ఇంకా గట్టిగా చెప్పాను.